ఏడు కోర్సుల్లో చేరాను, ఒక్కటీ పూర్తి కాలేదు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది రాజోలు వైపు ఒక లంక గ్రామం. ఈ ఏడాది బీఎస్సీ కంప్యూటర్స్ ఫైనలియర్‌కి వచ్చాను. నాన్న కొబ్బరి దింపు పనికి వెళతారు. అమ్మ పీచు ఫ్యాక్టరీలో చేస్తుంది. ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఫ్రీ ఆన్‌లైన్ కోర్సులు ఉంటాయని కాలేజీలో సార్ చెబితే రెండేళ్లలో ఏడింటిలో చేరాను. పైథాన్ ప్రోగ్రామింగ్‌లోనే రెండుసార్లు చేరాను. అన్నీ రెండో వారమో మూడో వారమో ఆగిపోయాయి. 'మీ అసైన్‌మెంట్ గడువు దాటిపోయింది' అని మెయిల్ వస్తే తెరవాలంటేనే టెన్షన్‌గా ఉంటోంది. హైదరాబాద్‌లో పని చేస్తున్న మా అన్నయ్య, ఫ్రీగా వచ్చేదాన్ని ఎవరూ లెక్కచేయరు, డిగ్రీ అవుతూనే అమీర్‌పేటలో కోచింగ్‌కి వచ్చేయ్ అంటున్నాడు. సీటు ఇప్పుడే మాట్లాడుకుంటే ఫీజు తగ్గుతుందట. హాస్టల్‌తో కలిపి డెబ్భై వేల దాకా కావాలి. అమ్మ గొలుసు తాకట్టు పెడతానంటోంది. నాకే తెలివి లేదా? ఫ్రీ కోర్సులతో నిజంగా ఎవరైనా బాగుపడ్డారా?
– ఒక పాఠకురాలు, కోనసీమ

సమాధానం:

తల్లీ,

ముందు అమ్మ గొలుసు సంగతి. అది ఆవిడ మెడలోనే ఉండనివ్వు. దీపావళి దాటేవరకు దాని జోలికి వెళ్లొద్దు. కోచింగ్ కావాలనే అప్పటికీ అనిపిస్తే మీ అన్నయ్యతో కూర్చుని మాట్లాడుకోవచ్చు. ఈలోగా నువ్వు చేయాల్సిన పని ఒకటుంది, దాని దగ్గరికి వస్తాను.

నాకే తెలివి లేదా అని అడిగావు. నీ ఉత్తరంలో నన్ను బాగా బాధపెట్టిన మాట అదే. ఇలాంటి కోర్సులు మధ్యలో ఆగిపోయిన పిల్లలందరూ తమని తామే తిట్టుకుంటారు. లెక్కలు చూస్తే అలా తిట్టుకోరు. 2011లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ నుంచి సెబాస్టియన్ థ్రన్, పీటర్ నార్విగ్ అనే ఇద్దరు తమ ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ పాఠాలు ఎవరైనా ఫ్రీగా వినొచ్చని ప్రకటించారు. దాదాపు 1,60,000 మంది చేరారు. చివరిదాకా నిలిచింది 23,000 మంది. మరుసటి ఏడాది అమెరికాలోనే ఎంఐటీ అనే ఇంకో యూనివర్సిటీ వాళ్లు సర్క్యూట్స్ కోర్సు పెట్టారు. అది చెప్పింది మన మంగళూరులో పెరిగిన అనంత్ అగర్వాల్. 1,55,000 మంది పేర్లు రాయించుకుంటే పాసైంది 7,157 మంది. 2019లో 'సైన్స్' పత్రికలో ఎంఐటీ, హార్వర్డ్ కోర్సుల లెక్కలన్నీ ఒకచోట వేసి చూపించారు. 2017-18లో చేరినవాళ్లలో పూర్తి చేసింది నూటికి ముగ్గురే. సర్టిఫికెట్ కోసం డబ్బు కట్టినవాళ్లని విడిగా తీసి చూస్తే నూటికి 46 మంది. ఈ 46 అన్న అంకె గుర్తుంచుకో, దీనితో మళ్లీ పని పడుతుంది.

ఆ కొద్దిమందైనా ఎవరు? మొదట్లో పెన్సిల్వేనియా యూనివర్సిటీ వాళ్లు తమ కోర్సుల్లో చేరినవాళ్లని అడిగితే నూటికి 80 మందికి పైగా అప్పటికే డిగ్రీ ఉన్నవాళ్లని తేలింది. అంటే ఎలా చదువుకోవాలో ముందే వచ్చినవాళ్లు. ఇంట్లో కంప్యూటర్ ఉండి, ఇంగ్లిష్ మీద పట్టుండి, ఆఫీసులో పక్క సీటు వాళ్లని అడిగి తెలుసుకోగలవాళ్లు ఇందులో ఎక్కువ లాభపడ్డారు. పేదపిల్లల కోసమని మొదలైన పనిలో ఇలా జరగడం నాకు చాలా బాధగా ఉంటుంది. ముప్ఫై ఏళ్లు డిగ్రీ పిల్లలకి స్టాటిస్టిక్స్ చెప్పాను. అంకెల్లో ఎవరు కనబడుతున్నారో, ఎవరు కనబడటం లేదో చూడటం అలవాటైపోయింది.

డెల్టా పిల్లవి, ఇంకోలా చెబితే నీకు ఇట్టే తెలుస్తుంది. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాడు. గోదావరి కాలువల్లోకి మళ్లింది. అయినా ఇవాళ్టికీ దాళ్వా, అంటే రెండో పంట, వచ్చిందంటే శివారు రైతు నీళ్ల కోసం రాత్రుళ్లు తూము దగ్గర కాపలా కాయాల్సిందే. పైన పెద్ద కాలువ నిండుగానే పారుతుంటుంది. పొలానికి నీళ్లిచ్చే చిన్న పంట బోదెలో గుర్రపుడెక్క పేరుకుపోతే మాత్రం చేలోకి చుక్క ఎక్కదు. ఐఐటీ ప్రొఫెసర్ పాఠం నీ ఫోన్ దాకా వచ్చింది, అది పెద్ద కాలువ. అక్కణ్నుంచి నీదాకా రావాల్సిన బోదె ఎవరూ తవ్వలేదు. రోజూ కూర్చోవడానికి ఒక వేళ, తెలియకపోతే అడగడానికి ఒక మనిషి, చేసి చూసుకోవడానికి ఒక కంప్యూటర్, రాకపోతే ఏమైందని అడిగే గొంతు. ఈ నాలుగూ లేకుండా నిన్ను ఏడు కోర్సుల్లోకి దింపారు. ఆగిపోక ఏమవుతుంది?

బాగుపడ్డవాళ్లు ఉన్నారా అన్నావు. ఉన్నారు. నేను చెప్పిన ఎంఐటీ సర్క్యూట్స్ కోర్సులోనే మంగోలియా నుంచి పదిహేనేళ్ల కుర్రాడొకడు నూటికి నూరు మార్కులు తెచ్చుకున్నాడు. తర్వాత ఎంఐటీలోనే సీటొచ్చింది. ఎక్కడో మూల దేశంలో ఒంటరిగా ఇంటర్నెట్ చూసి ఇంతవాడయ్యాడని పేపర్లన్నీ రాశాయి. కానీ ఆ కుర్రాడి స్కూల్ ప్రిన్సిపాల్ స్వయంగా ఎంఐటీలో చదువుకొచ్చిన మనిషి. ఆ కోర్సుని తన స్కూల్ పిల్లల చేత చేయించాలని పూనుకున్నది ఆయనే. స్టాన్‌ఫర్డ్‌లో పరిశోధన చేస్తున్న ఇంకొకాయన అక్కడికి వెళ్లి, ఆ పిల్లలని కూర్చోబెట్టి చేతులతో సర్క్యూట్లు కట్టించాడు. ఆ అబ్బాయి తెలివి గొప్పదే, సందేహం లేదు. దానికి బోదె తవ్వినవాళ్లు కూడా ఉన్నారు.

అలాగని ఈ కోర్సుల విలువ తగ్గించలేను. నేను ఎమ్మెస్సీ చదివిన రోజుల్లో వాల్తేరులో లైబ్రరీకి ఒక్కటే కాపీ ఉండే పుస్తకం కోసం నలుగురం వంతులు వేసుకునేవాళ్లం. నా వంతు రెండు రోజులు. పగలు క్లాసులు, రాత్రి హాస్టల్లో కూర్చుని ఆ పుస్తకంలో లెక్కలు చేత్తో ఎత్తి రాసుకునేదాన్ని. మూడో రోజు పొద్దున్న పుస్తకం ఇచ్చేయాలి. ఆ నోట్సు ఇప్పటికీ మా బీరువాలో ఉంది. ఇప్పుడు అదే పాఠం ఐఐటీ మాస్టారు చెబుతుంటే, అర్థం కాని చోట ఆపి, వెనక్కి జరిపి నాలుగుసార్లు వినొచ్చు. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి 2003లో ఎన్‌పీటీఈఎల్ అని మొదలుపెట్టి వేలకొద్దీ గంటల పాఠాలు ఫ్రీగా పెట్టాయి. 2014 నుంచి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తున్నారు. 2017లో కేంద్రం స్వయం అనే పోర్టల్ తెచ్చింది, ఎన్‌పీటీఈఎల్ కోర్సుల్లో చేరేది కూడా అక్కడే. లంకలో కూర్చున్న పిల్లకి ఇంత పెద్ద చదువు పైసా ఖర్చు లేకుండా అందడం నా జీవితంలో చూస్తాననుకోలేదు. అందుకే అది నీదాకా రాకుండా మధ్యలో ఇంకిపోతుంటే మనసొప్పదు.

నా సంగతి కూడా చెబుతాను. రిటైర్ కావడానికి కొన్నేళ్ల ముందు ఇలాంటి కోర్సులోనే డేటా అనాలిసిస్‌కి చేరాను. సబ్జెక్టు నాదే, ఇంగ్లిష్ ఇబ్బంది లేదు. మొదటిసారి మూడో వారంలో, రెండోసారి ఐదో వారంలో వదిలేశాను. వదిలేసిన రోజు ఏమీ జరగలేదు, అదే అందులో ఉన్న చిక్కు. ఎవరూ అడగరు. మూడోసారి మా స్టాఫ్‌రూమ్‌లో ఫిజిక్స్ మేడమ్‌ని కూడా చేర్పించాను. మంగళవారం, శుక్రవారం నాలుగింటికి పిల్లలు వెళ్లిపోయాక కిటికీ పక్క బల్ల మీద ఒక ఫోన్ పెట్టుకుని ఇద్దరం చూసేవాళ్లం. అటెండరు టీ తెచ్చేలోపు ఒక వీడియో అయిపోవాలని మా నియమం. ఆవిడకి స్టాటిస్టిక్స్ రాదు, నాకు కంప్యూటర్ అంతంతమాత్రం. నేను లెక్క చెబితే ఆవిడ టైప్ చేసేది. ఒకరోజు గంటసేపు ఒక ఎర్రర్ పోలేదు. చూస్తే ఒక బ్రాకెట్ మూయడం మరిచిపోయాం. ఆ రోజు ఒక్కదాన్నే అయ్యుంటే నేను ఆ కోర్సు మళ్లీ తెరిచేదాన్నే కాదు. అది చివరిదాకా పూర్తిచేశాం.

ఇక ఆన్‌లైన్ కోర్సు తప్పనిసరి అని పిల్లలందరిచేత పేర్లు కొట్టించి వదిలేసే కాలేజీలు ఉన్నాయి. అలాంటి ఒకచోట నేను పరీక్షల డ్యూటీకి వెళ్లాను. పిల్లలు వారం వారం అసైన్‌మెంట్ జవాబులు టెలిగ్రామ్ గ్రూపుల్లో తెచ్చుకుని టిక్కులు పెట్టేశారు. పాతికకి పాతిక వచ్చాయి. అసలు పరీక్ష హాల్లో కూర్చుని ఏం చేయాలో తెలియక గడియారం చూస్తూ ఉండిపోయారు. ఆ పిల్లల మీద నాకు కోపం రాలేదు. వాళ్లకి పాఠం ఎవరూ చెప్పించలేదు, పేరు నమోదు చేయించారంతే. నీకు అలాంటి గ్రూపు లింకు ఎవరైనా పంపినా తెరవకు. అసైన్‌మెంటుకి పాతిక మార్కులే, హాల్లో రాసే పరీక్షకి డెబ్భై ఐదు. పాసవ్వాలంటే పాతికలో 10, డెబ్భై ఐదులో 30, రెండూ విడివిడిగా రావాలి.

ఇప్పుడు చేయాల్సిన పనికి వద్దాం. ఏడు కోర్సుల మెయిళ్లూ ఒక్కసారే డిలీట్ చేసేయ్. వాటిలో చదువుకోవాల్సింది ఏమీ లేదు. ఒక్కటే కోర్సు పెట్టుకో. ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ రోపర్ వాళ్లు చెప్పే 'జాయ్ ఆఫ్ కంప్యూటింగ్ యూజింగ్ పైథాన్' అని పన్నెండు వారాల కోర్సు ఉంది. ఏమీ రానివాళ్ల దగ్గర నుంచి మొదలుపెడతారు. జులై సెమిస్టర్ సాధారణంగా ఆ నెలాఖరులోగా మొదలవుతుంది. చేరడం, వినడం ఫ్రీ. పరీక్షకి మాత్రం విడిగా ఫీజు కట్టాలి. ఏళ్ల తరబడి వెయ్యి రూపాయలుగా ఉంటూ వచ్చింది, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకి రాయితీ ఉంటుంది, ఈసారి ఎంతో పోర్టల్‌లో చూసుకో. ఆ ఫీజు రిజిస్ట్రేషన్ తెరిచిన మొదటి వారంలోనే కట్టేయ్. 46 అన్న అంకె ఇందుకే గుర్తుంచుకోమన్నాను. డబ్బు కట్టడం వల్లే పూర్తి చేశారని నేననను, పూర్తి చేయాలని గట్టిగా అనుకున్నవాళ్లే కట్టి ఉండొచ్చు. కానీ డబ్బు కట్టి, పరీక్ష రాసే ఊరు ఎంచుకుని, తేదీ క్యాలెండర్ మీద రాసుకున్నాక పొద్దున్నే లేచి కూర్చోవడం వేరుగా ఉంటుంది. డెబ్భై వేల తాకట్టు పెట్టేముందు వెయ్యి రూపాయలతో తేల్చుకోగలిగిన సంగతి ఇది.

తోడు లేకుండా మాత్రం మొదలుపెట్టొద్దు. ఈ ఉత్తరంలో ఒక్కటే పాటించగలిగితే ఇది పాటించు. నీ క్లాసులో ఇంకో పిల్లని ఒప్పించు. నీకంటే తెలివైనదే కావాలని లేదు, వస్తానన్న రోజు వచ్చేదైతే చాలు. వారానికి రెండు రోజులు కాలేజీ ల్యాబ్‌లో క్లాసులయ్యాక గంట కూర్చుంటామని మీ కంప్యూటర్స్ సార్‌ని అడగండి. ఎన్‌పీటీఈఎల్ లోకల్ చాప్టర్ ఉన్న కాలేజీలో దానికని ఒక లెక్చరర్‌ని పెడతారు. మీ కాలేజీలో ఉన్నారేమో కనుక్కో. ఉంటే ఆయనే మీ మెంటర్. లేకపోతే కోర్సుల సంగతి చెప్పిన సార్ ఉన్నారుగా, ఆయన్నే పట్టుకోండి. శుక్రవారం సాయంత్రం ఐదు నిమిషాలు మా నోట్సు చూడండి సార్ అని అడిగితే ఏ మాస్టారూ కాదనరు. మాకు అలా అడిగే పిల్లలు కనబడితే ప్రాణం లేచొస్తుంది, ఇది ముప్ఫై ఏళ్ల అనుభవంతో చెబుతున్నాను.

భాష సంగతి. నువ్వు మూడో వారంలో ఆగిపోవడానికి సగం కారణం ఇదేనని నా అనుమానం. తెలుగు మీడియం పిల్లలకి సబ్జెక్టు కంటే ముందు ఆ వేగం అడ్డొస్తుంది. వీడియో వేగం 0.75కి తగ్గించి విను. ఎన్‌పీటీఈఎల్ చాలా కోర్సులకి పాఠం మొత్తాన్నీ రాతలో పెడుతుంది, కొన్నిటికి తెలుగు అనువాదం కూడా దొరుకుతుంది. పాఠం రాత చదివి, ఆ తర్వాత వీడియో చూడు, తేడా నీకే తెలుస్తుంది. వేరియబుల్, లూప్, ఫంక్షన్ లాంటి మాటలు తెలుగులోకి మార్చుకునే శ్రమ పెట్టుకోకు, అవి అలాగే వాడుకో. వాటి అర్థం మాత్రం నోట్సులో నీ మాటల్లో, తెలుగులోనే రాసుకో. పక్కపిల్లకి తెలుగులో చెప్పగలిగితే నీకు వచ్చినట్టే.

లంకలో సిగ్నల్ సంగతి నాకు తెలుసు. ఏటిగట్టు ఎక్కితేగానీ వీడియో తిరగదు. వీడియోలు డౌన్‌లోడ్ చేసుకునే వీలుంది, కాలేజీలో ఉన్నప్పుడే ఆ వారం పాఠాలు తక్కువ క్వాలిటీలో దింపుకో. కోడ్ చూడటానికి బొమ్మ మరీ అందంగా ఉండక్కర్లేదు. ఫోన్ మీద ప్రోగ్రామ్ టైప్ చేయడం కష్టమే, బ్రాకెట్ కోసం కీబోర్డు మార్చి మార్చి విసుగొస్తుంది. అందుకే ఇంటి దగ్గర కాగితం మీద రాయి. లూప్ ఒక్కోసారి తిరిగినప్పుడు ఏ అంకె ఎంతైందో పట్టీ గీసి చేత్తో వేసుకో. తప్పెక్కడుందో కాగితం మీదే దొరుకుతుంది. ల్యాబ్‌లో ఉన్న గంట టైప్ చేసి నడిపించడానికే వాడుకో.

వరద కూడా లెక్కలో పెట్టుకోవాలి, జులై, ఆగస్టులు కదా. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మన లంకల్లో ఎన్ని రోజులు కరెంటు లేదో నీకు గుర్తుండే ఉంటుంది. అసైన్‌మెంట్ గడువు వరద కోసం ఆగదు. కానీ పన్నెండు వారాల కోర్సుల్లో సాధారణంగా పన్నెండు అసైన్‌మెంట్లలో బాగా వచ్చిన ఎనిమిదింటినే లెక్కలోకి తీసుకుంటారు. నాలుగు వారాలు గోదావరికి వదిలేసినా నీ పాతిక మార్కులకి ఢోకా లేదు. గడువు దాటిందని మెయిల్ వచ్చిన రోజున ఈ మాట గుర్తు తెచ్చుకో. ఇంతకుముందు నువ్వు మొత్తం వదిలేసింది అలాంటి ఒక్క మెయిల్ చూసే కదా. ఒక వారం పోతే పోయింది, తర్వాతి వారం పాఠం తెరువు.

క్రెడిట్ల సంగతి, అంటే ఈ కోర్సుని నీ డిగ్రీ లెక్కలో కలుపుతారో లేదో, చేరకముందే కాలేజీలో అడుగు. ఒక సెమిస్టర్‌లో ఉండే కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం ద్వారా చేయొచ్చని యూజీసీ 2021లో నిబంధన పెట్టింది. కానీ నీ యూనివర్సిటీ ఏ కోర్సుని ఒప్పుకుంటుందో ముందే రాసిచ్చి అనుమతి తీసుకోవాలి. పరీక్ష పాసయ్యాక సర్టిఫికెట్ పట్టుకెళ్లి అడిగితే కుదరకపోవచ్చు.

మీ అన్నయ్య మాటలో నిజం ఉంది. కంపెనీవాళ్లు సర్టిఫికెట్ ఒక్కటి చూసి ఉద్యోగం ఇవ్వరు. అమీర్‌పేట సర్టిఫికెట్‌కీ ఇవ్వరు, అది కూడా ఆయనకి చెప్పు. కోచింగ్ సెంటర్‌లో డబ్బులు పోసి కొనుక్కునేది ఎక్కువగా ఆ వేళ, ఆ పక్కన కూర్చునే మనుషులు, ఎగ్గొడితే అడిగే మాస్టారు. పాఠం ఎలాగూ ఫ్రీగా ఉంది. ఆ మిగతావి నీ కాలేజీలోనే సమకూర్చుకోగలవేమో ఈ నాలుగు నెలల్లో చూడు. సమకూర్చుకోలేకపోతే కోచింగ్‌కి వెళ్లడంలో తప్పేమీ లేదు. అప్పటికి పైథాన్ కొంతైనా వచ్చి ఉంటుంది కాబట్టి అక్కడ ఏం చెబుతున్నారో, ఏది చెప్పడం లేదో నీకే తెలుస్తుంది. సీటు ఇప్పుడే మాట్లాడుకుంటే తగ్గింపు అన్నవాడు దీపావళి తర్వాత కూడా అదే మాట అంటాడు, కంగారు పడొద్దు.

ఇంకొకటి. ఫోన్‌లో 'ఫ్రీ వర్క్‌షాప్, ఉద్యోగం గ్యారంటీ' అని వచ్చే ప్రకటనలు వేరే జాతి. మొదటి రెండు గంటలే ఫ్రీ, ఆ తర్వాత నెలవారీ కిస్తీల మీద సంతకం పెట్టమంటారు. ఆ కాగితం చాలాసార్లు లోను కాగితం. కోర్సు మానేసినా కిస్తీ ఆగదు. నాన్నగారి ఆధార్, పాన్ ఎవరడిగినా ఇవ్వొద్దు.

చివరగా ఒక హోంవర్క్. కోర్సులో నాలుగైదు వారాలయ్యాక నాన్నగారి దింపు లెక్కని ప్రోగ్రామ్‌గా రాయి. ఏ తోట, ఎన్ని చెట్లు ఎక్కారు, చెట్టుకెంత, ఎవరిచ్చారు, ఎవరు బాకీ. ఆయన ఇప్పుడు ఏ క్యాలెండర్ వెనకో, సిగరెట్ పెట్టె అట్ట మీదో రాసుకుంటూ ఉంటారు. ఒక రాత్రి భోజనాలయ్యాక పక్కన కూర్చుని ఆ లెక్క చదివించుకుని నోట్సులో ఎక్కించుకో. ఇంటర్వ్యూలో ఏం చేశావమ్మా అని అడిగినప్పుడు చూపించడానికి నీ చేత్తో చేసిన పని ఒకటి ఉంటుంది. రోజంతా ఫోన్ పట్టుకుని ఏం చేస్తున్నావో ఇంట్లో వాళ్లకి కూడా తెలుస్తుంది.

మూడో వారం అసైన్‌మెంట్ పంపించాక నాకు మళ్లీ ఉత్తరం రాయి. నీతో కూర్చునే పిల్ల ఎవరో, ఏ రోజులు పెట్టుకున్నారో రాయి. దింపు లెక్కలో లూప్ ఎక్కడైనా ఆగిపోతే ఆ కాగితం కూడా ఫొటో తీసి పంపు, చూస్తాను.